ఇంట్లో లైనక్స్ మొండికేస్తే: బాగుచేయాలా, వెనక్కి తిప్పాలా, మళ్ళీ ఎక్కించాలా?

పోయిన నవంబరు వానల్లో ఒక రాత్రి తొమ్మిదింటికి చెన్నైలోని పెరంబూరు నుంచి బాబాయి ఫోన్ చేశారు. "ఏరా, కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ ఆన్ చేస్తే అంతా నలుపు. బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఉంది, పక్కన చిన్న గీత మిణుకుమంటోంది. ఎంటర్ కొట్టనా?"

"ఏమీ కొట్టకండి బాబాయ్. పది నిమిషాల్లో నేనే మళ్ళీ చేస్తాను."

ఆ పది నిమిషాలూ నేను ఆలోచించింది ఆ తప్పుకు మందేమిటని కాదు. ఆయన పెన్షన్ కాగితాల కాపీ ఇంకెక్కడైనా ఉందా? నవంబరు కదా, లైఫ్ సర్టిఫికెట్ పని రేపే పెట్టుకున్నారా? ఆ పాత హార్డ్ డిస్క్ ఇదివరకెప్పుడైనా ఇలా చేసిందా? ఈ మూడూ తేలాకే ఏం చేయాలో తేలింది.

చుట్టాల ఇళ్ళూ, వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంటూ కలిపి, విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్‌తో నడిచే ఐదు కంప్యూటర్లు నా నెత్తిన పడ్డాయి. రెండింటిలో ఉబుంటు, మూడింటిలో మింట్, రెండూ లైనక్స్ రకాలే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిశాక, బాగున్న ల్యాప్‌టాప్‌ను పారేయడమెందుకని ఇంకో ఇద్దరు ఈ దారి పట్టేలా ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: పాడైతే ఎలా? మార్గాలకేం, ఆరేడు ఉన్నాయి. ఏది ముందు ఎంచుకోవాలన్న దగ్గరే తికమక.

కమాండ్లను ఫోన్‌లో బాబాయికి చదివి చెప్పినట్టే రాశాను. మీరు కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది, చేసిన పని నుంచి వెనక్కి రాగలమా లేదా అని. సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. పాత కెర్నల్‌తో బూట్ చేసి చూస్తే సిస్టమ్‌లో ఏదీ మారిపోదు, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ మొదటికే వస్తారు. ఫార్మాట్ కొట్టాక మాత్రం వెనక్కి దారి లేదు. కంగారులో చాలామంది ఈ రెండోదానితోనే మొదలుపెడతారు. లేదంటే ఇంటర్నెట్‌లో దొరికిన పది కమాండ్లు వరసగా కొట్టేస్తారు. పదకొండోది పనిచేసినా, ముందు పదీ ఏమేం చెడగొట్టాయో ఎవరికీ తెలియదు.

తర్వాత ఫైళ్ళు. సిస్టమ్ ఎన్నిసార్లయినా ఉచితంగా దొరుకుతుంది. మనవడి అన్నప్రాశన ఫొటోలు దొరకవు. ఫైళ్ళు వేరేచోట ఉన్నవాళ్ళకు అన్ని మార్గాలూ తెరిచే ఉన్నట్టు. లేనివాళ్ళు ముందు కాపీ చేసుకోవాలి, రిపేరు ఆ తర్వాతే.

మూడోది టైము. రేపు పొద్దున ఆఫీసు మీటింగ్ పెట్టుకుని ఈ రాత్రి గ్రాఫిక్స్ డ్రైవర్‌తో కుస్తీ పడితే రెండూ చెడతాయి. అదే శనివారం మధ్యాహ్నమైతే ఆ కుస్తీలోనే సరదా ఉంది.

నాలుగోది తప్పు ఎక్కడుందనేది, సిస్టమ్‌లోనా, వస్తువులోనా. చచ్చిపోతున్న డిస్క్ మీద లైనక్స్‌ను నాలుగుసార్లు ఎక్కించినవాళ్ళను చూశాను. ఇది తేల్చడానికి ఒక పెన్‌డ్రైవ్ చాలు.

ముందుగా ఒక లైవ్ పెన్‌డ్రైవ్

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఐఎస్‌ఓను, అంటే సిస్టమ్ మొత్తం ఉండే ఫైలును, ఎచర్, రూఫస్ అనే ప్రోగ్రాముల్లో ఒకదానితో ఎక్కించి ఇంట్లో ఉంచుకోండి. దాన్నుంచి బూట్ చేస్తే, మీ డిస్క్‌ను ముట్టుకోకుండానే లైనక్స్ మొత్తం లేస్తుంది. అందులో వైఫై, సౌండ్, స్క్రీన్ మామూలుగా పనిచేస్తే మీ కంప్యూటర్ బాగానే ఉంది, లోపల ఎక్కించిన సిస్టమే చెడింది. అక్కడ కూడా అదే తప్పు కనిపిస్తే, లేదా అది కూడా మధ్యలో బిగుసుకుపోతే, ర్యామ్ మీదో డిస్క్ మీదో అనుమానపడాలి.

లైవ్‌లోనే డిస్క్స్ అనే ప్రోగ్రాము తెరిచి, మీ డిస్క్ ఎంచుకుని, మెనూలో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ డేటా చూడండి. హార్డ్ డిస్క్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (అనుమానంగా ఉన్న చోట్లు) అనే వరసల్లో సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అంకెలున్నాయా, వాటిలో పెండింగ్ అంకె రోజురోజుకీ పెరుగుతోందా, అయితే ఫైళ్ళు కాపీ చేసుకుని కొత్త డిస్క్ కొనుక్కోవడమే. కింది మార్గాలతో మీకు పని లేదు.

ఆ కాపీ కూడా ఈ లైవ్ నుంచే చేసుకోవచ్చు. ఫైల్ మేనేజర్‌లో మీ డిస్క్ మీద క్లిక్ చేసి, మీ ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్‌ను బయటి డిస్క్‌లోకి లాగడమే. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఉంటే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అది మరిచిపోతే నాదీ మీదీ ఎవరిదీ సాయం పనికిరాదు.

ఒక్క చూపులో

| మార్గం | పట్టే సమయం | ఫైళ్ళకు ముప్పు | వెనక్కి రావచ్చా | ఎప్పుడు పనికిరాదు |
|---|---|---|---|---|
| పాత కెర్నల్‌తో బూట్ | 5 నిమిషాలు | లేదు | ఎప్పుడైనా | కెర్నల్‌తో సంబంధం లేని తప్పు |
| టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి | అరగంట | దాదాపు లేదు | సాధారణంగా వీలే | ముందే స్నాప్‌షాట్ (సిస్టమ్ నకలు) తీసి ఉండకపోతే |
| లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చదివి బాగుచేయడం | గంట నుంచి వారం | మీ చేతిని బట్టి | కొంతవరకే | తొందర ఉన్నప్పుడు |
| మళ్ళీ ఎక్కించడం | ఒక సాయంత్రం | కాపీ లేకపోతే చాలా | రాలేము | డిస్క్, ర్యామ్ చెడినప్పుడు |
| షాపుకు ఇవ్వడం | ఒకటి నుంచి మూడు రోజులు | చెప్పకపోతే చాలా | రాలేము | తప్పు సాఫ్ట్‌వేర్‌ది అయినప్పుడు |
| తెలిసినవాళ్ళను అడగడం | వాళ్ళ వీలును బట్టి | తక్కువ | సలహాను బట్టి | వివరాలు ఇవ్వలేకపోతే |

సమయాలు నా అనుభవంలోవి. ఎస్‌ఎస్‌డీ కాక పాత తిరిగే డిస్క్ అయితే రెట్టింపు వేసుకోండి.

పాత కెర్నల్: అందరూ మరిచిపోయే మందు

"నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ చేశాక ఇలా అయింది" అని ఎవరన్నా నేను ముందు చెప్పేది ఇదే. కొత్త కెర్నల్ వచ్చినా ఉబుంటు, మింట్ దాని ముందుదాన్ని వెంటనే తీసేయవు. ఆన్ చేయగానే ఎస్కేప్ కీని ఒకటి రెండుసార్లు తట్టండి. పాత బయాస్ కంప్యూటర్లలో అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. ఏ సిస్టమ్‌తో లేవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, చిన్న నంబరున్న కెర్నల్‌ను ఎంచుకోవాలి.

ఎస్కేప్‌ను ఆత్రంగా పదిసార్లు కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ అనే ఖాళీ ప్రాంప్ట్‌లో పడతారు. కొంపేం మునగదు. అక్కడ నార్మల్ అని కొట్టి ఎంటర్ చేసి, వెంటనే ఒక్కసారి ఎస్కేప్ తడితే మెనూకే వస్తారు.

ఎందుకు పనిచేస్తుందంటే, ఎన్విడియా సొంత డ్రైవర్, కొన్ని యూఎస్‌బీ వైఫై డాంగిళ్ళ డ్రైవర్లు కెర్నల్‌తో పాటు రావు. కెర్నల్ మారినప్పుడల్లా దానికి సరిపడేది మళ్ళీ తయారుకావాలి. ఆ పని మధ్యలో ఆగితే స్క్రీన్ నల్లబడుతుంది, లేదా వైఫై గుర్తే మాయమవుతుంది. పాత కెర్నల్‌కు పాత డ్రైవర్ అలాగే ఉంటుంది కాబట్టి దానితో లేస్తుంది. ఇది తాత్కాలికమే, నిజమే. కానీ రేపటి పని జరిగిపోతుంది. చాలాసార్లు వారం పది రోజుల్లో ఇంకో అప్‌డేట్ వచ్చి తప్పు దానంతటదే సర్దుకుంటుంది.

వైఫై పోయినవాళ్ళకు ఇంకో మాట. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే, ఏ డ్రైవరూ వేయకుండా నెట్ వస్తుంది. డ్రైవర్ దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కు డ్రైవర్ కావాలి అనే చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది.

టైమ్‌షిఫ్ట్: నేను ఎక్కువగా నమ్ముకున్నది

మింట్‌లో ఇది ముందే ఉంటుంది, ఉబుంటులో మనం ఇన్‌స్టాల్ చేసుకోవాలి. సిస్టమ్ ఈ రోజు ఎలా ఉందో ఒక నకలు తీసి పెడుతుంది. చెడినప్పుడు ఆ రోజుకు తిప్పేస్తుంది. డెస్క్‌టాప్ లేవకపోయినా పర్వాలేదు. మింట్ లైవ్ పెన్‌డ్రైవ్‌లో కూడా టైమ్‌షిఫ్ట్ ఉంది, అక్కడ తెరిచి మీ డిస్క్ చూపిస్తే పాత నకళ్ళ జాబితా వస్తుంది. ఒకటి ఎంచుకుని రీస్టోర్ అనడమే. తప్పేమిటో తెలియనవసరం లేదు, అదే దీని గొప్ప. ఇంట్లో ఒక్కరికీ కమాండ్లు కొట్టే టెర్మినల్ అంటే ఏమిటో తెలియకపోయినా పనిచేసే మార్గం ఇదొక్కటే అని నా లెక్క.

దీని గురించి రెండు అపోహలున్నాయి. ఒకటి, ఇది ఫైళ్ళ బ్యాకప్ అనుకోవడం. కాదు. మామూలు సెట్టింగుల్లో హోమ్ ఫోల్డర్‌ను టైమ్‌షిఫ్ట్ ముట్టుకోదు. అందువల్లే వెనక్కి తిప్పినా మీరు నిన్న రాసుకున్న లెటర్ అలాగే ఉంటుంది. అందువల్లే డిస్క్ పోతే ఆ లెటర్ కూడా పోతుంది. ఫైళ్ళకు వేరే బ్యాకప్ ఉండాల్సిందే, అదీ బయటి డిస్క్‌లో. రెండోది, పెట్టేసి మరిచిపోవచ్చనుకోవడం. ఈ పాఠం మా నాన్న ల్యాప్‌టాప్ నేర్పింది.

నాన్నది 120 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఒక రోజు పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోంది. తప్పు పాస్‌వర్డ్ కొడితే తప్పని చెబుతోంది, సరైనది కొడితే ఏమీ అనకుండా మొదటికి తెస్తోంది. నాన్న పాపం పాస్‌వర్డ్ మరిచిపోయాననుకుని డైరీ అంతా వెతికారు. నేను వెళ్ళి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వచ్చింది. అక్కడ లాగిన్ అయి డీఎఫ్, ఖాళీ, మైనస్ హెచ్ కొట్టాను. డిస్క్ 100 శాతం నిండింది. నింపింది ఎవరో కాదు, రోజూ, వారానికీ, నెలకీ నకళ్ళు తీయమని నేనే పెట్టిన టైమ్‌షిఫ్ట్. డెస్క్‌టాప్ లేవాలంటే హోమ్‌లో నాలుగు చిన్న ఫైళ్ళు రాసుకోవాలి, రాసుకోవడానికి జాగా లేదు. పాత నకళ్ళు నాలుగు తీసేస్తే మరుక్షణం నాన్న వార్తలు చదువుకుంటున్నారు.

మొదటి నకలు సిస్టమ్ అంత ఉంటుంది, తర్వాతవి మారిన ఫైళ్ళ మేరకే జాగా తింటాయి. కానీ అప్‌డేట్లు ఎక్కువైన కొద్దీ అవీ పెరుగుతాయి. చిన్న డిస్క్ అయితే వారానికి ఒకటి చొప్పున రెండు నకళ్ళు చాలు. బయటి డిస్క్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది, కాకపోతే అది ఈఎక్స్‌టీ4 లాంటి లైనక్స్ ఫార్మాట్‌లో ఉండాలి. విండోస్ కోసం చేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను తీసుకోదు.

లాగ్ చదివి బాగుచేయడం: నేర్చుకునేవాళ్ళ దారి

ఇప్పుడు బాబాయి కథకు వద్దాం. ఆయన డెస్క్‌టాప్‌కు అప్పట్లో యూపీఎస్ లేదు, ఇన్వర్టర్ మీదే నడిచేది. కరెంటు ఠక్కున పోయినప్పుడు డిస్క్ మీద రాత సగంలో ఆగింది. తర్వాత ఆన్ చేస్తే, ఈ గందరగోళాన్ని దానంతటది సరిచేయలేక సిస్టమ్ ఆ నల్ల తెర దగ్గర నిలబడింది.

ఫైళ్ళ కాపీ పిన్ని ఫోన్‌లోనూ, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది. డిస్క్ స్మార్ట్ రిపోర్టు నేను రెండు నెలల క్రితమే చూశాను, శుభ్రంగా ఉంది. పని రేపు కాదు, ఎల్లుండి. కాబట్టి ధైర్యంగా బాగుచేయవచ్చు.

"బాబాయ్, ఎగ్జిట్ అని కొట్టి ఎంటర్ చేయండి. ఇంగ్లీషులో ఏదో వస్తుంది, చదవండి."

ఆయన ఒక్కో అక్షరం చదివారు. ఫలానా విభాగంలో అస్తవ్యస్తంగా ఉంది, ఎఫ్‌ఎస్‌సీకేను (డిస్క్‌లోని ఇలాంటి తప్పులను సరిచేసే ప్రోగ్రామును) చేత్తో నడపండి అని దాని సారాంశం. ముందర స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ2 అని పేరు. మనకు కావాల్సింది ఆ పేరే. ప్రతి ఇంట్లోనూ అదే ఉండదు, మీ తెర మీద ఏముంటే అదే కొట్టాలి. ఎఫ్‌ఎస్‌సీకే, ఖాళీ, మైనస్ వై, ఖాళీ, ఆ పేరు. ఐదారు నిమిషాలు వరసలు వరసలుగా పరిగెత్తాయి. తర్వాత రీబూట్. "వచ్చిందిరా, వినాయకుడి బొమ్మ వచ్చింది" అన్నారు. అది ఆయన వాల్‌పేపర్.

మొదటిసారి కాబట్టి సరే. అదే తెర నెలకు రెండుసార్లు కనిపిస్తే, కరెంటు పోకుండానే కనిపిస్తే, ఎఫ్‌ఎస్‌సీకే కొట్టకండి. డిస్క్ పోతోందన్నమాట. పోతున్న డిస్క్ మీద దాన్ని నడిపితే మిగిలిందీ చెదరొచ్చు. ముందు కాపీ.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు అలవాటు చేసుకోవాల్సింది ఊహించడం మానేసి చదవడం. జర్నల్‌సీటీఎల్, మైనస్ బీ, మైనస్ 1, మైనస్ పీ, ఈఆర్‌ఆర్ అని మధ్యమధ్య ఖాళీలతో కొడితే, పోయినసారి ఆన్ చేసినప్పుడు వచ్చిన తప్పులు మాత్రమే చూపిస్తుంది. ఎర్రగా కనిపించిన ప్రతిదీ రోగం కాదు. బాగున్న కంప్యూటర్‌లో కూడా నాలుగైదు ఎర్ర వరసలుంటాయి. తప్పు మొదలైన టైముకు దగ్గరగా ఏముందో చూడాలి. ఏ రోజు ఏ ప్యాకేజీ మారిందో కావాలంటే వార్, దానిలో లాగ్, దానిలో ఏపీటీ ఫోల్డర్‌లో హిస్టరీ లాగ్ ఉంటుంది.

అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోవడం మన ఇళ్ళలో మామూలే. దానికి గ్రబ్ మెనూలో రికవరీ మోడ్ ఎంచుకుంటే డీపీకేజీ అనే వరస ఉంటుంది. సగంలో ఆగిన ప్యాకేజీలను అది పూర్తి చేస్తుంది. టెర్మినల్ దొరికితే సుడో, డీపీకేజీ, మైనస్ మైనస్ కాన్ఫిగర్, మైనస్ ఏ అన్నా అంతే.

కొన్ని అసలు జబ్బులే కావు. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉంటే విండోస్ గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. లైనక్స్ లోపలి గడియారాన్ని గ్రీన్విచ్ కాలంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే ఇక్కడి టైము అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్, సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్‌టీసీ, ఖాళీ, 1 అని కొడితే సర్దుకుంటుంది. అలాగే విండోస్ డ్రైవ్‌లో ఫైళ్ళు చదవగలిగీ రాయలేకపోతే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి.

ఈ మార్గానికి అయ్యే ఖర్చు టైము. పైగా ఎక్కడ ఆపాలో తెలియదు. నేను పెట్టుకున్న గీత రెండు సాయంత్రాలు. మూడో సాయంత్రానికి తేలకపోతే మళ్ళీ ఎక్కించేస్తాను.

మళ్ళీ ఎక్కించడం: ఓటమేమీ కాదు

లైనక్స్ వాడేవాళ్ళలో కొందరికి ఇదంటే చిన్నతనం. నాకు లేదు. మూడేళ్ళుగా ఏవేవో ఎక్కించి, తీసి, మళ్ళీ ఎక్కించిన సిస్టమ్‌లో తప్పు వెతకడం కంటే కొత్తగా మొదలుపెట్టడమే మేలు. ఎస్‌ఎస్‌డీ మీద ఎక్కడం అరగంట పని. సాయంత్రమంతా పట్టేది ఆ తర్వాతే: ప్రింటర్, బ్రౌజర్ పాస్‌వర్డ్లు, తెలుగు కీబోర్డు. నాన్నకు ఇన్‌స్క్రిప్ట్ అలవాటు, సెట్టింగుల్లోనే దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న పక్క ఫ్లాట్ వదినకు ఐబస్ ఎం17ఎన్ వేరుగా ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది.

హోమ్ వేరే పార్టిషన్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విభాగాలను చేత్తో ఎంచుకుని, రూట్‌కు (సిస్టమ్ ఉండే విభాగానికి) మాత్రమే ఫార్మాట్ టిక్ పెట్టి, హోమ్‌కు టిక్ లేకుండా చూసి, యూజర్ పేరు పాతదే ఇస్తే ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే. ఆ ఒక్క టిక్ దగ్గర ఆగి రెండుసార్లు చూడండి. అయినా బయట కాపీ లేకుండా నేను ఆ బటన్ నొక్కను. ఒక లోపం కూడా చెప్పాలి: పాత హోమ్‌తో పాత సెట్టింగులూ వస్తాయి. తప్పు వాటిలోనే ఉంటే మళ్ళీ ఎక్కించినా పోదు. అందుకే ముందు ఒక కొత్త యూజర్‌ను సృష్టించి దానిలో లాగిన్ అయి చూడండి. కొత్త యూజర్‌కు బాగుంటే ఫార్మాట్ దాకా పోనవసరమే లేదు.

రిచీ స్ట్రీట్: ఏ పనికి వెళ్ళాలి

మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీట్‌లో దొరకని పార్టు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, ల్యాప్‌టాప్ కీబోర్డు, ఎస్‌ఎంపీఎస్, గడియారం మాటిమాటికీ వెనక్కి పోయే పాత కంప్యూటర్లకు సీఆర్ 2032 సెల్. వస్తువు పాడైతే అక్కడికే వెళ్ళాలి.

సాఫ్ట్‌వేర్ తప్పుకు మాత్రం వెళ్ళకండి. కౌంటర్ దగ్గర ల్యాప్‌టాప్ మూత తీసి, తెలియని డెస్క్‌టాప్ చూసి, కుర్రాడు అడిగే మొదటి మాట "విండోస్ పోట్టుడలామా సార్?" (విండోస్ ఎక్కించేద్దామా సార్?) వాళ్ళ తప్పేమీ లేదు, రోజూ వచ్చే పని అది. మా పక్క ఫ్లాట్ వదిన కీబోర్డు మార్పించుకుందామని ఒక షాపులో ఇచ్చి వచ్చారు. కీబోర్డు చక్కగా వచ్చింది, దానితో పాటు విండోస్ కూడా వచ్చింది. మింట్ లేదు, రెండేళ్ళ ఫొటోలు లేవు. "బాగుచేసిచ్చాం కదా మేడమ్" అన్నారట. అప్పటినుంచి ఏది ఇచ్చినా ముందు ఫైళ్ళు కాపీ తీసుకుని, "పార్ట్ మట్టుమ్ పోదుం, ఓఎస్ వేండాం" (పార్టు మాత్రం చాలు, సిస్టమ్ వద్దు) అని చెప్పి, అదే ముక్క ఇంగ్లీషులో రాసిన చీటీ మూత మీద అంటించి ఇస్తున్నాం. కొత్త ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఖాళీగానే ఇమ్మనండి, సిస్టమ్ ఇంటికొచ్చి ఎక్కించుకోవచ్చు.

అడగడం, మార్చడం

చెన్నైలో లైనక్స్ వాడేవాళ్ళ సంఘం ఐఎల్‌యూజీసీ ఎప్పటినుంచో ఉంది. తెలుగులో మాట్లాడాలనుకునేవాళ్ళకు హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఇలాంటి సంఘం ఉంది. ఎవరిని అడిగినా "పనిచేయట్లేదు" అంటే జవాబు రాదు. కంప్యూటర్ మోడల్, ఉబుంటు అయితే ఏ వెర్షన్, తప్పు ముందు రోజు ఏం చేశారు, తెర మీది అక్షరాలకు ఒక ఫొటో. ఈ నాలుగూ ఇస్తే సగం పని మీరే చేసినట్టు. తిరిగొచ్చిన సలహాలో సిస్టమ్ మొత్తానికి 777 పర్మిషన్ (అందరికీ అన్ని హక్కులూ) ఇమ్మనో, అడక్కుండా చెరిపేసే ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ కొట్టమనో ఉంటే ఆ సలహా పక్కన పెట్టండి.

డిస్ట్రో, అంటే ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ రకం, మార్చేస్తే తప్పు పోతుందా? అరుదుగా. వైఫై చిప్‌కు లైనక్స్‌లో డ్రైవరే లేకపోతే ఏ డిస్ట్రోలోనూ ఉండదు. మార్చాల్సిన సందర్భం ఒకటుంది: ఫెడోరా లాంటిది వాడుతూ మాటిమాటికీ అప్‌గ్రేడ్‌తో విసిగిపోతే. దాని ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే. ఉబుంటు 24.04, దాని మీద కట్టిన మింట్ 22 రెండింటికీ 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళ కంప్యూటర్‌కు నేను ఎప్పుడూ ఇలాంటిదే పెడతాను.

మీరు ఎవరైతే ఏది

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ళు: పాత కెర్నల్, అది కాకపోతే టైమ్‌షిఫ్ట్, రెండూ కాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ మీదే ఆ రోజు మీటింగ్ కానిచ్చేయండి, బ్రౌజర్ అందులో ఉంది. లాగులు చదవడం శనివారానికి వాయిదా వేయండి. పెద్ద అప్‌గ్రేడ్లు శుక్రవారం సాయంత్రం తప్ప ముట్టుకోకండి.

కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు: బాగుచేసే దారే పట్టండి, ఫైళ్ళు కాపీ ఉన్నంతవరకు ఎన్నిసార్లు చెడగొట్టినా నష్టం లేదు. పరీక్షల నెలలో మాత్రం మీరూ పై వరసలోకి వచ్చేయండి.

సొంత ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నల కంప్యూటర్‌ను ఇక్కడినుంచి చూసుకునే నాలాంటివాళ్ళు: టైమ్‌షిఫ్ట్ ముందే పెట్టి, నకళ్ళ సంఖ్య తగ్గించి, డిస్క్ ఎంత నిండిందో నెలకోసారి ఫోన్‌లో అడగండి. డెస్క్‌టాప్ అయితే చిన్న 600 వీఏ యూపీఎస్ కొనిపెట్టండి. ఇన్వర్టర్ ఉంది కదా అనకండి. దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే, మారే ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది. బాబాయి ఇంట్లో స్విచ్ ఆర్నెల్లుగా ఎకో మోడ్‌లో ఉందని నాకు తెలిసింది ఎఫ్‌ఎస్‌సీకే కొట్టిన వారానికి, పెరంబూరు వెళ్ళి టార్చి వేసి చూసినప్పుడు.